పాప పెదవి

విజయవాడ,
21-1-79.

అక్కా,

నీ కార్డు అందింది. జాన్‌బాబుగారు మైలవరం దాకా వచ్చి నిన్ను కలిశారంటే ఆశ్చర్యపోయాను. నన్ను ఒప్పించాలంటే నీ దగ్గరికి వెళ్లాలని ఆయనకి ఎవరు చెప్పారో గాని, సరైన చోటికే వెళ్లారు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వని, నీ మాట నేను తీసెయ్యనని మా గుడి సంఘంలో అందరికీ తెలుసు.

ఆయన నీకు సగమే చెప్పి ఉంటారు, మిగతాది నేను చెబుతాను. మా కాలేజీలో లెక్కలు చెప్పే బసవపున్నయ్య నీకు గుర్తుండే ఉంటాడు, మా పెళ్లికి వచ్చి ప్రార్థన జరిగినంతసేపూ బయట నిలబడ్డాడు. వాళ్లకో హేతువాద సంఘం ఉంది. మనిషిని దేవుడు చేశాడా, జంతువుల నుంచి మనిషి వచ్చాడా తేల్చుకుందాం రమ్మని మా సంఘాన్ని సవాలు చేశారు. జాన్‌బాబుగారు సంఘ కార్యదర్శి, పైగా వకీలు, ఆయన ఊరుకుంటారా. ఫిబ్రవరి నాలుగున ఆదివారం మధ్యాహ్నం గవర్నరుపేటలో హాలు మాట్లాడారు. మన వైపు మొదట ఆయన, తర్వాత నేను మాట్లాడాలట. "పాస్టరుగారు చెబితే పాస్టరు కాబట్టి చెప్పాడంటారు. జువాలజీ ఎమ్మెస్సీ చదివినవాడు, రోజూ ఆ పాఠం చెప్పేవాడు లేచి అది వట్టి ఊహ అన్నాడంటే వాళ్లకిక నోరు పెగలదు" అన్నారు నాతో. ఆ మర్నాడే బసవపున్నయ్య స్టాఫ్‌రూములో నా పక్కన కూర్చుని, "క్లాసులో చెప్పేదే అక్కడ చెప్పు సొలొమోనూ, చాలు. మా వైపు కుర్చీ వేయిస్తాను" అన్నాడు.

నేను మన వైపు కూర్చోవడం లేదక్కా. అది వట్టి ఊహ అని నేను చెప్పలేను. భూమి చాలా పాతదని, ఒక ప్రాణి నుంచి ఇంకో ప్రాణి మెల్లమెల్లగా వచ్చిందని, మనమూ అలాగే వచ్చామని నేను నమ్ముతున్నాను. పరీక్ష కోసం కాదు, నిజంగానే. వాల్తేరులో చదివేటప్పటి నుంచీ ఇదే నా మనసు. అందువల్ల నా ప్రార్థన ఆగలేదు, గుడి మానలేదు. నీకు చెబితే బాధపడతావని ఊరుకున్నాను.

ఇప్పుడు కూడా ఊరుకునేవాణ్ణే. కాని నీ కార్డులో చివర "నీ ఇంటికి దేవుడు చూపిన గుర్తు మరిచిపోకు" అని రాశావు. అందుకని ఆసుపత్రి సంగతి ఎత్తక తప్పడం లేదు.

నవంబరులో పాప పుట్టిన మర్నాడు నువ్వు వచ్చావు. రూతుని చేతుల్లోకి తీసుకున్నావు. తువ్వాలు పక్కకి జరిపి ఆ చీలిన పెదవి చూశావు. తర్వాత నా వైపు తిరిగి, "కోతుల పాఠం చెప్పే ఇంట్లో దేవుడు ఒక గుర్తు పెట్టాడేమోరా" అన్నావు. గట్టిగా అనలేదు, కోపంగానూ అనలేదు. అమలమ్మ పురిటి మంచం మీద కళ్లు మూసుకుని ఉంది గాని నిద్రపోలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో నీ పేరు వస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. క్రిస్మస్‌కి పాపకి జలుబు చేసింది రావద్దని రాశానే, జలుబు లేదు.

గ్రహణమొర్రి ఎలా వస్తుందో నేను ఏటా పిల్లలకి చెబుతాను. తల్లి కడుపులో మనిషి ముఖం ఒక్కసారిగా తయారవదు. రెండో నెలలో పై నుంచి కొంత, పక్కల నుంచి కొంత పెరుగుతూ వచ్చి మధ్యలో కలుసుకుంటాయి. కలుసుకునే ముందు నీ పెదవీ విడిగానే ఉంది, నా పెదవీ విడిగానే ఉంది, జాన్‌బాబుగారిదీ అంతే. ఆ రోజుల్లో మన మెడ దగ్గర కొన్ని మడతలుంటాయి, అచ్చం చేప పిండానికి ఉన్నట్టే. చేపకి అవి మొప్పలవుతాయి, మనకి దవడ, చెవి, గొంతు అవుతాయి. ఎంత పాత దారిలో నడిచి వస్తున్నామో అక్కడ కనిపిస్తుంది. అంత దూరం నడిచేటప్పుడు ఎక్కడో ఒకచోట అడుగు తడబడుతుంది. పాపకి ఒక పక్క కలుసుకోవడం జరగలేదు. అంతే. అందులో ఎవరి మీదా గుర్తు లేదు. చేపతో మనకి చుట్టరికం ఉందని ఒప్పుకున్నాకే నా కూతురు నాకు శాపంలా కనబడడం మానేసింది. అదంతా అబద్ధమని నన్ను స్టేజీ ఎక్కి చెప్పమంటున్నారు.

సభకి వెళతాను. ఏ వైపూ కూర్చోను. సండేస్కూలు నా చేతిలోంచి తీసేస్తారేమో, తియ్యనీ. నువ్వు మాత్రం నా దగ్గర దాచకుండా జవాబు రాయి.

నీ తమ్ముడు,
సొలొమోను


మైలవరం,
26-1-79.

తమ్ముడు సొలొమోనుకి సువార్తమ్మ దీవెనలు.

నువ్వు రాసిన మాట నేను అన్నాను. అనలేదని చెప్పను. అమలమ్మ వింటున్నదని మాత్రం తెలియదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. పిండాల సంగతి నాకు తెలియదు, తెలిసినవాడివి నువ్వు చెబితే కాదనను. కాని నా పని నీకు తెలుసు కదా. బైబిలు స్త్రీగా ఈ మైలవరం చుట్టూ తిరగని పల్లె లేదు. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు బురద కాళ్లతోనే వచ్చి కూర్చుంటారు. దేవుడు మట్టి తీసుకుని తన చేతులతో మనిషిని చేశాడని చెబుతాను. అప్పుడు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. దూరంగా జరగమనే మాట తప్ప ఇంకోటి వినని మనుషులు వాళ్లు. తమని ఒకరు ముట్టుకుని చేశారన్న మాట వాళ్లకి కొత్త. మన తాతలకీ అలాగే కొత్త, అందుకే మనం ఈ దారికి వచ్చాం. అది తీసేసి వాళ్ల చేతిలో నీ చేపని పెట్టమంటావా? దానితో వాళ్లేం చేసుకుంటారు?

నువ్వు ఇన్నాళ్లు దాచావని బాధగా ఉంది. వేసవిలో నాతో పల్లెలకి వచ్చి, నేను సృష్టి కథ చెబుతుంటే బొమ్మలు పట్టుకుని నిలబడేవాడివి. అప్పుడు కూడా లోపల నవ్వుకునేవాడివా?

సభకి వెళ్లొద్దనను. నీకు వయసొచ్చింది. ఒక్కటి అడుగుతున్నాను, పాప సంగతి మాత్రం అక్కడ ఎత్తకు. దాన్ని నలుగురి నోళ్లలో పడెయ్యకు.

అక్క,
సువార్తమ్మ


విజయవాడ,
6-2-79.

అక్కా,

నేను ఎప్పుడూ నవ్వుకోలేదు. ఆ బొమ్మలు పట్టుకుని నిలబడితే నాకూ ఆ ఆడవాళ్ల ముఖాలే కనిపించేవి. నీ ఉత్తరం చదివాక, చేపతో వాళ్లేం చేసుకుంటారన్న నీ ప్రశ్నకి జవాబు కోసం చాలా ఆలోచించాను. దొరకలేదు.

నువ్వు అడిగిన ఒక్క మాటా నిలబెట్టుకోలేకపోయాను. ఎలా జరిగిందో చెబుతాను, విని తిట్టు.

హాలు నిండింది. కాలేజీ పిల్లలు గోడల వెంట నిలబడ్డారు. అమలమ్మ తనూ వస్తానంది. వద్దన్నా వినలేదు. ఆడవాళ్ల కుర్చీల్లో వెనక వరసలో, పాప ముఖం మీద పైట కప్పి కూర్చుంది. బయటికి వస్తే ఎప్పుడూ అలాగే కప్పుతుంది.

జాన్‌బాబుగారు మొదలుపెట్టారు. బాగా మాట్లాడారు. "కృష్ణ మీద బ్యారేజీ ఉంది. ఆ గేట్లు వాటంతట అవే మొలిచాయంటే ఈ బెజవాడలో ఒక్కడన్నా నమ్ముతాడా? దానికి ఇంజనీరు ఉంటే, ఆ నదికి లేడా?" అంటే మనవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత బసవపున్నయ్య లేచాడు. అతనూ బాగానే మాట్లాడాడు, మనిషి వెన్నెముక గురించి, జ్ఞానదంతాల గురించి. చివరికి వచ్చేసరికి గొంతు పెంచి, "కుండ వంకర పోతే కుమ్మరి దాన్ని పిసికి మళ్లీ చేస్తాడు. మీ సర్వశక్తిమంతుడు పసిబిడ్డ పెదవి కూడా సరిగా అతకలేకపోతున్నాడు. అంత చేతకాని పనివాణ్ణి ఎందుకు పూజిస్తారు?" అన్నాడు. నా వైపు చూడలేదు. చూడకపోవడంతోనే అందరికీ తెలిసిపోయింది. కుర్చీలు కిర్రుమన్నాయి, తలలు ఆడవాళ్ల వైపు తిరిగాయి. మన పెద్దల్లో ఒకాయన కూర్చున్నచోటి నుంచే, "అది దేవుడి చేతకానితనం కాదయ్యా, కన్నవాళ్ల పాపం" అన్నారు.

నేను లేచాను. ఎవరూ పిలవలేదు. బోర్డు దగ్గరికి వెళ్లి సుద్దముక్క తీసుకున్నాను.

"మీరు మాట్లాడుతున్నది నా కూతురి గురించి. దాని పేరు రూతు. అది మీ రెండు పక్షాల్లో ఎవరికీ సాక్షి కాదు" అన్నాను. తర్వాత నీకు రాసిన ముఖం బొమ్మే వేశాను. పై నుంచి వచ్చేది, పక్కల నుంచి వచ్చేవి, కలుసుకునే చోటు. "ఇది నా క్లాసులో చెప్పే పాఠం, నేను నమ్మే పాఠం. మనం కింది ప్రాణుల నుంచి వచ్చాం. ఆ దారిలో కొన్ని కలుసుకుంటాయి, కొన్ని కలుసుకోవు. ఇందులో ఎవరి తప్పూ లేదు. తండ్రి చదివిన చదువుది కాదు, తల్లి చేసిన పనిది కాదు, తిన్నదానిదీ తాగినదానిదీ కాదు, దేవుడి కోపం కాదు. ఎవరూ ఏమీ చెయ్యలేదు" అన్నాను.

బసవపున్నయ్య నవ్వుతూ, "అయితే దేవుడు లేడని ఒప్పుకున్నట్టేగా" అన్నాడు.

"ఆయన ఉన్నాడో లేడో ఈ బొమ్మలో కనపడదు. ఇంటికి వెళ్లి పాపని ఎత్తుకుని ప్రార్థన చేసుకుంటాను. అది మాననని కూడా రాసుకోండి" అన్నాను. రెండు వైపులా నవ్వారు. నా కోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సుద్ద అక్కడ పెట్టి దిగి వచ్చేశాను.

బసవపున్నయ్య బయటికి వెంట వచ్చాడు. "వాదం కోసం అన్నాను సొలొమోనూ, మనసులో ఏమీ లేదు" అన్నాడు. "తెలుసు. మనసులో ఉండి అనుంటే ఇంత కష్టంగా ఉండేది కాదు" అన్నాను. అతను తలదించుకున్నాడు. మంచివాడే. మళ్లీ మాట్లాడుకుంటాం, కొంచెం కాలం పడుతుంది.

నిన్న జాన్‌బాబుగారి దగ్గర నుంచి కబురు వచ్చింది. ఇక నుంచి సండేస్కూలు ఇంకొకరు చూసుకుంటారట. నేను గుడికి రావచ్చట. రావచ్చని వాళ్లు చెప్పాల్సి రావడం అదోలా ఉంది.

ఇంకో సంగతి. రిక్షాలో ఏలూరు కాలవ వెంట ఇంటికి వస్తుంటే అమలమ్మ పాప ముఖం మీద పైట తీసేసింది. మళ్లీ కప్పలేదు. వెల్లూరు మిషన్ ఆసుపత్రిలో పాప పెదవి ఆపరేషనుకి మార్చి రెండో వారంలో రమ్మన్నారు. పరీక్షల డ్యూటీ వల్ల నాకు సెలవు దొరుకుతుందో లేదో తెలియదు.

నీ మాట తప్పినందుకు కోపంగా ఉంటే రాయి, మౌనంగా మాత్రం ఉండకు.

సొలొమోను


మైలవరం,
11-2-79.

తమ్ముడు సొలొమోనుకి,

ఈ ఆదివారం గుళ్లో నన్ను లేచి ప్రార్థన చెయ్యమన్నారు. దారి తప్పిన తమ్ముడి కోసం సంఘమంతా మోకరిస్తుందని పాస్టరుగారు ముందే చెప్పారు. విజయవాడ నుంచి కబురు మా దాకా వచ్చిందన్నమాట. లేచాను. నా తమ్ముడి కూతురు రూతుకి వెల్లూరులో ఆపరేషను జరగబోతోంది, డాక్టర్ల చేతులకి తోడుగా ఉండమని ప్రార్థించి కూర్చున్నాను. పాస్టరుగారు ఇంకేమన్నా ఉందేమోనని కాసేపు చూశారు. లేదు.

నీతో ఏకీభవించానని అనుకోకు. రేపు పల్లెకి వెళ్లి నేను మట్టి కథే చెబుతాను. కాని నీకు చెప్పాల్సింది ఒకటుంది. నీకు అప్పటికి ఊహ సరిగా తెలియదు. మీ బావ పోయిన ఏడాదే నా పిల్లాడూ పోయాడని మాత్రం నీకు తెలుసు. వాడు ఎలా పోయాడో మన ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. చక్కగా పుట్టాడురా. నల్లగా, ఒత్తుగా జుట్టు. వారం తిరక్కుండా ఒక పొద్దున పాలకి లేపబోతే లేవలేదు. జ్వరం లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు. నేను పిచ్చిదానిలా అందరినీ అడిగాను, ఎందుకు, ఏం చేశాను అని. అప్పుడు ఉయ్యూరు వైపు తిరిగే మిషన్ దొరసానిగారు వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నారు. దేవుడు ఈ ఒక్కణ్ణి తీసుకున్నది నిన్ను చాలామందికి తల్లిని చెయ్యడానికి అన్నారు. ఆ మాట పట్టుకుని లేచాను. నిన్ను పెంచాను. ఆ మాట మీదే ఇన్నేళ్లు ఊళ్లు తిరిగాను.

నువ్వు సభలో ఎవరూ ఏమీ చెయ్యలేదన్నావు. నీకు అది ఓదార్పు అయింది. నాకు అది చదివి అన్నం సహించలేదు. ఎవరూ ఏమీ చెయ్యకపోతే నా పిల్లాడు ఊరికే పోయాడన్నమాట.

ఆసుపత్రిలో ఆ మాట నిన్ను కొట్టాలని అనలేదు. పాప పెదవికీ ఒక కారణం ఉండాలనుకున్నాను. కారణం లేకుండా పిల్లలకి ఏదైనా అవుతుందని ఒప్పుకోవడం నాకు చేతకాదు. కాని వెతికి వెతికి ఆ కారణాన్ని తెచ్చి నీ నెత్తిన పెట్టాను. ముందటేడు ఉప్పెన తర్వాత దివిసీమకి వెళ్లాం కదా, ఇది దేవుడి శిక్ష అని ఒకాయన అంటే నోరు ముయ్యమన్నదాన్ని నేనే. అదే మాట నా వాళ్ల దగ్గరికి వచ్చేసరికి నా నోట్లోంచే వచ్చింది.

నీకు సెలవు దొరక్కపోతే వెల్లూరుకి అమలమ్మతో నేను వెళతాను. ఇక్కడ చెప్పి సెలవు తీసుకున్నాను. ఆమె వద్దంటే రాను, మనసులో ఏమీ పెట్టుకోను. నువ్వు ఒప్పించకు. ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి చదవమను.

అక్క,
సువార్తమ్మ


విజయవాడ,
15-2-79.

వదినగారికి అమలమ్మ నమస్కారాలు.

నాకు ఉత్తరాలు రాయడం అంతగా రాదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. మీరు రాసింది మీ తమ్ముడుగారు నా చేతికిచ్చి బజారుకి వెళ్లిపోయారు. పాపని ఒళ్లో వేసుకుని చదివాను. మీ పిల్లాడి సంగతి దగ్గర ఆగిపోయి, కాసేపయ్యాక మళ్లీ చదివాను.

మీకు, ఆయనకి ఒక విషయం తెలియదు. నేనూ ఎవరికీ చెప్పలేదు, మా పుట్టింటి కేథలిక్ గుడిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదరుగారికి కూడా చెప్పలేదు. కిందటేడు గుడ్‌ఫ్రైడే నాడు చంద్రగ్రహణం పట్టింది. అప్పటికి నెల తప్పి కొద్ది రోజులైంది. మా పక్కింటి మాణిక్యమ్మగారు సాయంత్రమే వచ్చి, "అమలా, బయటికి రాకు, కత్తి ముట్టుకోకు, కదలకుండా పడుకో" అని మరీ మరీ చెప్పారు. నేను పొద్దుటి నుంచి ఉపవాసం. గుణదల కొండ మీద సిలువ మార్గం ప్రార్థనలు చేసి వచ్చి, ఆకలికి ఆగలేక కత్తిపీట ముందేసుకుని దొండకాయలు తరిగాను. మేం క్రైస్తవులం, మాకివేమిటని నవ్వుకున్నాను కూడా.

పాప పుట్టాక నర్సు చూపించగానే నాకు ఆ దొండకాయలే కళ్లముందు మెదిలాయి. ఆ చీలిక అచ్చం కత్తి గాటులాగే ఉంది వదినగారూ. నేనే కోశాననుకున్నాను.

ఆసుపత్రిలో మీరు అన్న మాటకి నేను బాధపడ్డానని ఆయన మీకు రాశారట. లేదండీ. అది విని నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే నా వల్ల కాదు, ఈయన చదువు వల్లనేనేమో అనుకున్నాను. కట్టుకున్నవాడి మీదకి తప్పు పోతుంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత సిగ్గేసింది. మీ పేరు వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్లింది కోపం వల్ల కాదు. ఆయన మిమ్మల్ని అనవసరంగా తప్పు పడుతుంటే వింటూ కూర్చోలేక.

పాప పెదవి ఎలా అయిందో ఆయన కాలేజీలో పిల్లలకి చెప్పారు, మీకు ఉత్తరం రాశారు, సభలో బోర్డు మీద బొమ్మ వేశారు. ఇంట్లో నాకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నాకు తెలుసనుకున్నారో, అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకున్నారో. ఆ రోజు హాల్లో వెనక వరసలో కూర్చుని మొదటిసారి విన్నాను. చేప సంగతి నాకు సరిగా అర్థం కాలేదు. మనం దేన్నుంచి వచ్చామో మీరూ ఆయనా తేల్చుకోండి. కాని "తల్లి చేసిన పనిది కాదు" అన్నారే, ఆ మాట నా కోసం అనలేదు, నా సంగతి ఆయనకేం తెలుసు. అయినా నాకు తగిలింది. నిన్న కూర్చోబెట్టి ఆయనకి అంతా చెప్పాను. విన్నాక ఆయన పాపని తీసుకుని, నన్ను దగ్గరికి పిలిచి, దాని ముఖం మీదే వేలు పెట్టి మొదటి నుంచి పాఠమంతా చెప్పారు. ఈసారి చేప కూడా కొంచెం అర్థమైంది.

మీరు తప్పకుండా రండి. మీ పిల్లాడి సంగతి నాకు ఇంకా వినాలని ఉంది. ఎందుకు పోయాడని నేను అడగను. ఎలా ఉండేవాడో చెప్పండి చాలు. వెల్లూరులో తెలిసినవాళ్లు ఎవరూ లేరు, మాట్లాడుకోవడానికి బోలెడు టైముంటుంది.

పాప చెంచాతో పోస్తే తాగుతుంది గాని తల కొంచెం ఎత్తి పట్టుకోవాలి, లేకపోతే ముక్కులోంచి వచ్చేస్తుంది. రెండు రోజులు ముందే వస్తే మీకు చెయ్యి అలవాటవుతుంది. ఆపరేషను అయ్యాక చేతులు ముఖం మీదకి పోనివ్వకుండా చుట్టి ఉంచాలట. మీ దగ్గర మెత్తబడిన పాత చీరలుంటే రెండు పట్టుకురండి. నావన్నీ పెళ్లప్పటివి, ఇంకా గరుగ్గానే ఉన్నాయి.

ఇట్లు,
అమలమ్మ